లోపల మనిషి ఉన్నాడు

పార్టీ పార్టీ అని పొద్దున్నుంచీ గ్రూపులో ఊపేస్తున్నారు కదా. మీ నాన్నకి ట్రైనర్ పోస్టు వచ్చిందంట, ఇంకా నోరు మెదపవేంటే పిసినారీ అని. సరే, చెప్తా. మొత్తం అయ్యేదాకా ఎవడూ మాట్లాడొద్దు. మధ్యలో నవ్వే బొమ్మలు పెట్టినోణ్ణి గ్రూపులోంచి పీకేస్తా. అడ్మిన్ని నేనే, గుర్తుంచుకోండి.

మా ఇల్లు మీకు తెలుసు. ఐదో అంతస్తు. బిల్డింగులో రెండు లిఫ్టులు. ఒకటి మీరెక్కేది, తలుపు మూసుకునేటప్పుడు ముసలి పిల్లిలా మూలుగుతుందే, అది. రెండోది దాని పక్కనే, ఎప్పుడూ ఆగిపోయుంటుంది. మీ సైకిళ్ళన్నీ దాని ముందే పడేస్తారు. దాని తలుపు పక్కన గోడకి స్విచ్చు పెట్టె, పెట్టెకి తాళం, తాళానికి అరచెయ్యంత ఎర్ర ట్యాగు. ఎర్ర అంటే ఒకప్పుడు ఎరుపులే. ఇప్పుడు వెలిసిపోయి పాత ఇటుకలా ఉంది. మనలో ఒక మేధావి దాన్ని చూసి "ఏంటే, లిఫ్టు అమ్మకానికి పెట్టారా, ధర చీటీ కట్టారు" అన్నాడు. ఎవడో వాడికి తెలుసు.

ఇంకోటి. మా హాల్లో టీవీ గోడ ఉందే, దానవతల ఎవరిల్లూ లేదు. ఆ రెండో లిఫ్టు తిరగాల్సిన గొట్టం లాంటి చీకటి ఉంది, కింద నుంచి మేడ మీదదాకా. ఆ గోడకి చెవి పెడితే ఏమీ వినపడదు. పరీక్షలప్పుడు దానికే వీపు ఆన్చి చదివేదాన్ని. ఇల్లంతటికీ ప్రశాంతంగా ఉండే చోటు అదొక్కటే.

ఉండేది.

నాన్న లిఫ్టు మెకానిక్కు. నేను పుట్టకముందు నుంచీ అదే పని. మోకాళ్ళు అరిగిపోయాయి. నడుస్తుంటే అడుగడుక్కీ కుడి మోకాలు టక్ మంటుంది, ఎండుపుల్ల విరిచినట్టు. ఇంట్లో ఆయన ఎక్కడున్నాడో కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడితే పాపం ప్రతిసారీ ఓడిపోయేవాడు. "మీ నాన్నకి వేరే గంటెందుకే, దేవుడే కట్టి పంపాడు" అని అమ్మ నవ్వేది.

లిఫ్టు కింద ఒక గుంట ఉంటుంది. రిపేరుకి అందులోకి దిగాలి, వంగాలి, పాకాలి. ఇంక దిగితే మోకాలు ఉండదని డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే నాన్న కంపెనీలో ట్రైనర్ పోస్టు ఖాళీ అయింది. కొత్తగా చేరేవాళ్ళకి జాగ్రత్తలు నేర్పే ఉద్యోగం. ఫ్యాను కింద కుర్చీ. అది రావాలంటే కంపెనీ పెద్దోళ్ళ ముందు నిలబడి స్లైడ్లు చూపించి మాట్లాడాలి. స్లైడ్లు లేకపోతే రావొద్దన్నారు. ఆ పోస్టు రాకపోతే వచ్చే వారం నుంచి పెద్ద సైటు, రోజూ గుంట పనే. కుర్చీనా, గుంటా. అంతే లెక్క.

"అమ్మడూ, నీకు వచ్చు కదా ఈ స్లైడ్లు?" అన్నాడు నాన్న, ఆ మాట్లాడేది రేపనగా. ముందు చెప్తే మా ఇంట్లో మనిషే కాదు.

"నాన్నా, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు స్లైడ్లు? ఏఐ చేసేస్తుంది. నువ్వెళ్ళి జుట్టు కత్తిరించుకో, ఇస్త్రీకిచ్చిన చొక్కా తెచ్చుకో. వచ్చేసరికి రెడీ."

"రేపు పరువు పోదు కదా?"

"నేనున్నానుగా."

"చూద్దాంలే" అన్నాడు. నాన్న దేనికైనా ఆ మాటే. తిండి పెట్టమంటారా అన్నా, ఇల్లు అంటుకుందన్నా... చూద్దాంలే.

వెళ్ళేముందు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఏం మాట్లాడాలనుకుంటున్నాడో చెప్పాడు, టక్ టక్ మంటూ. ఆయన చెప్పేదంతా ఫోన్లో రికార్డు చేసి ఏఐకి పడేశా. అందులో ముఖ్యమైంది ట్యాగు సంగతి. గుంటలోకి దిగేముందు కరెంటు కట్టేసి, స్విచ్చుకి తాళమేసి, మన చేత్తో రాసిన ఎర్ర ట్యాగు తగిలించాలి. దాని మీద 'లోపల మనిషి ఉన్నాడు' అని ఉండాలి. అది వేలాడుతున్నంతసేపు ఎవడూ లిఫ్టు కదపకూడదు.

"ఇంకొక్కటి. ఎవరు తగిలించారో వాళ్ళే తీయాలి. మేనేజరొచ్చినా, యజమానొచ్చినా ముట్టుకోకూడదు. ట్యాగు లేదంటే ఏంటర్థం? మనిషి బయటికొచ్చాడని అర్థం. ఆ ఒక్క ముక్కే మా ప్రాణం అమ్మడూ."

ఫోటో కూడా ఇచ్చాడు. మన కింద లిఫ్టుదే, ఆ వెలిసిపోయిన ట్యాగుది.

"కొత్తది తీయొచ్చుగా నాన్నా? ఇది చూస్తే చిరాగ్గా ఉంది."

"ఇదే పెట్టు. మా గురువు తగిలించింది ఇది. నాకు పని నేర్పినాయన."

"మరి ఎందుకు తీయలేదు?"

నాన్న తలుపు దగ్గర చెప్పులేసుకుంటున్నాడు. వెనక్కి చూడలేదు. "ఎవరు తగిలించారో వాళ్ళే తీయాలి కదా" అన్నాడు. టక్... టక్... లిఫ్టు మూలిగింది. వెళ్ళిపోయాడు.

బయట మబ్బు. సాయంత్రమే గానీ లైటు వేసుకోవాల్సినంత చీకటి. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నేను టీవీ గోడకి వీపు ఆన్చి, నాన్న ఆఫీసు ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకుని మొదలెట్టా.

ఒరేయ్, ఇక నా బాధ వినండి.

స్లైడ్ల యాపులోనే పక్కన ఒక ఏఐ ఉంటుంది. ఏం చెప్పినా ముందు "తప్పకుండా!" అంటుంది. దానికి నేను పెట్టిన పేరు తప్పకుండాగాడు. మొదటిసారి లిఫ్టు జాగ్రత్తల మీద స్లైడ్లు చెయ్యమన్నా. తప్పకుండా! చేశాడు. ప్రతి స్లైడులో హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు తెల్లగా నవ్వుతూ చేతులు కలుపుకుంటున్నారు. గుంట స్లైడులో కూడా! గుంటలో నిలబడి చేతులు కలుపుకుంటున్నారు! ఎవడైనా లిఫ్టు కింద గుంటలో పెళ్ళి సంబంధం కుదుర్చుకుంటాడా?

నవ్వేవాళ్ళని తీసెయ్ అన్నా. తప్పకుండా! నవ్వు తీసేశాడు. మనుషులు అక్కడే ఉన్నారు, మూతులు బిగించుకుని, అప్పులోళ్ళలా.

అక్షరాలు పెద్దవి చెయ్యమంటే బొమ్మలు పెద్దవి చేశాడు. బొమ్మలు చిన్నవి చెయ్యమంటే నాన్న చెప్పిన పాయింట్లు సగం మింగేశాడు. అవి వెనక్కి తెమ్మంటే 'విజయానికి తొలి మెట్టు' అని కొత్త స్లైడు కలిపాడు. లిఫ్టు గురించి మాట్లాడుతుంటే మెట్లేంట్రా! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వీడితో. ఒకటి సరిచేస్తే రెండు చెడగొడతాడు. చెవిటోడి ముందు శంఖమే నయం, వాడికి వినపడదని మనకి తెలుసు. వీడు అన్నీ విన్నట్టు తలూపి, మంచి ఆలోచన అని పొగిడి, వాడికి తోచింది వాడు చేస్తాడు.

"ఏమే, పది నిమిషాలన్నావ్" అని వంటింట్లోంచి అమ్మ.

"అవుతోందమ్మా!"

"ఎవరితోనే ఆ పోట్లాట?"

"నీకు కాబోయే అల్లుడితో!"

"వాడి ఖర్మ" అంది అమ్మ, కత్తి ఆపకుండా.

ఎలాగో ఒక రూపానికి తెచ్చా. ఒళ్ళు హూనమైంది. ట్యాగు స్లైడు ఒక్కటే మిగిలింది. ఫోటో పెడితే సరిగ్గా శీర్షిక రావాల్సిన చోటే ఆ దరిద్రపు ట్యాగు వేలాడుతోంది. అక్షరాలు పక్కకి జరిపా, బాలేదు. ఫోటో జరిపా, తలుపు సగం పోయింది. నాన్న వచ్చే టైమవుతోంది. చిర్రెత్తుకొచ్చింది. ఆ పాతది చెరిపేసి, పక్కన నిగనిగలాడే కొత్త ట్యాగు బొమ్మ పెడితే పోయిందనుకున్నా.

'ఫోటోలో ఉన్న ట్యాగు తీసెయ్' అని కొట్టా.

అప్పటిదాకా ఏ చెత్త చెప్పినా తప్పకుండా అన్నోడు, మొదటిసారి ఆగాడు. చుక్కలు తిరిగాయి... తిరిగాయి. తర్వాత వచ్చింది.

'ఈ ట్యాగు తగిలించింది మీరేనా?'

నాకు ఒళ్ళు మండింది. నాన్న చెప్పిన పాయింట్లు చదివాడు కదా, దాన్ని పట్టుకుని నాకే పాఠం చెప్తున్నాడు చూడు. పనికొచ్చే చోట బుర్ర వాడడు గానీ!

'అవును నేనే. తియ్యి.'

'తప్పకుండా! తీసేశాను. ఇక ఈ లిఫ్టును వాడుకోవచ్చు.'

చూస్తే, నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా తీశాడు. తాళం కూడా లేదు. గోడ శుభ్రంగా, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. హమ్మయ్య అని శీర్షిక పెట్టబోతూ చూశా.

తలుపు పైన అంతస్తు నంబరు చూపించే చిన్న అద్దం ఉంటుంది కదా. నాన్న తీసిన ఫోటోలో అది నల్లగా ఉంది. ఇప్పుడు అందులో ఎర్రగా సున్నా వెలుగుతోంది.

'లైటు ఎవడు పెట్టమన్నాడు?'

'ఈ చిత్రంలో ట్యాగు తప్ప నేను ఇంకేమీ మార్చలేదు.'

'అబద్ధాలు చెప్పకు. నంబరు తియ్యి.'

'తప్పకుండా!'

సున్నా పోయింది. ఒకటి వచ్చింది.

పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కొట్టా. తియ్యి అంటే మార్చమని కాదురా మొద్దూ అని. తప్పకుండా! రెండు.

అప్పుడు నా వీపుకి తెలిసింది.

చెవులకి కాదు. వీపుకి. గోడ సన్నగా వణుకుతోంది. నిద్రపోతున్న కుక్క పక్కన కూర్చుంటే దాని కడుపు కదలడం మనకి తెలుస్తుందే, అలా. తర్వాత చప్పుడు. గుయ్య్... మని, చాలా లోపల్నుంచి. టీవీ వెనక సందులోంచి వాసన వచ్చింది. పాత గ్రీజు. తుప్పు. ఏళ్ళ తరబడి మూసున్న నీళ్ళ డ్రమ్ము మూత తీస్తే వస్తుందే, ఆ చెమ్మ వాసన.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో కత్తి, ఉల్లిపాయలకి కళ్ళు ఎర్రగా.

"టీవీ పెట్టావా?"

తల అడ్డంగా ఊపా.

అమ్మ నెమ్మదిగా వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది, పెనం ముట్టుకున్నట్టు.

"ఇది తిరగదు" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇది తిరగకూడదు. ఏం చేశావే?"

"నేనేం చేశానమ్మా! స్లైడ్లు చేసుకుంటున్నా!"

"అరవకు."

మా అమ్మ నన్ను అరవకు అనడం కొత్తేం కాదు. కానీ ఇలా గుసగుసగా ఎప్పుడూ అనలేదు. నా పక్కన కూలబడి, నా చెయ్యి పట్టుకుని, గోడ వినకూడదన్నట్టు చెప్పింది. నాన్న గురువు ఆ గుంటలోకి దిగాడట. తాళమేసి, ట్యాగు తగిలించి, చెప్పులు తలుపు ముందు విడిచి. నాన్న టీ తేవడానికి వెళ్ళొచ్చాడు. పిలిచాడు. పలకలేదు. లైటు వేసి చూస్తే గుంట ఖాళీ. అందులోంచి బయటికి ఇంకో దారి లేదు. తాళం తాళంలాగే ఉంది, చెప్పులు చెప్పుల్లాగే ఉన్నాయి. పని ఎగ్గొట్టి పారిపోయాడని కంపెనీవాళ్ళు రాసేసుకున్నారు.

"వేరేవాళ్ళు ట్యాగు తీసేసి లిఫ్టు నడుపుదామన్నారు. మీ నాన్న ఒప్పుకోలేదు. ఆయనింకా తీయలేదు, అంటే ఆయనింకా లోపలే ఉన్నాడని అడ్డంగా నిలబడ్డాడు. ఈ ఇంట్లో ఎందుకుంటున్నామనుకున్నావ్ మనం?"

నేను స్క్రీను వైపు చూశా. నేనేమీ కొట్టలేదు. అయినా నంబరు మారుతోంది.

నాలుగు.

ఐదు.

గోడ వణుకు ఆగింది.

బయట, మా తలుపు అవతల, ఇనుము ఇనుముకి ఒరుసుకుంటూ ఏదో తెరుచుకుంది. చాలా నెమ్మదిగా... చాలా కష్టంగా...

తర్వాత అడుగులు. చెప్పులు లేని అడుగులు. తడిగా. చప్... చప్... మా గుమ్మం దాకా వచ్చాయి.

ఆగాయి.

అమ్మ నా నోరు మూసింది. నేను అరుస్తానని కాదు, నా పళ్ళు కొట్టుకుంటున్నాయి.

తలుపు తట్టలేదు. బెల్లు కొట్టలేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. వంటింట్లో ఏదో మాడుతోంది, ఆ వాసన వస్తోంది, ఇద్దరం కదల్లేదు.

చప్... చప్... మెట్ల వైపు వెళ్ళాయి. కిందికి.

ఎప్పటికో లేచి తలుపు కంతలోంచి చూశా. ఆ రెండో లిఫ్టు మా అంతస్తులో తెరుచుకునుంది. లోపల పచ్చటి లైటు. ఖాళీ. మా గుమ్మం దాకా నల్లటి అడుగు గుర్తులు, అక్కణ్ణించి మెట్లకి.

ఫోన్ మోగింది. ప్రాణం పోయిందనుకోండి. నాన్న.

"అమ్మడూ, కింద ట్యాగు లేదేంటి? నువ్వేమైనా పీకావా?"

నాన్న గొంతు ఎలా ఉందంటే... పండగొచ్చిన పిల్లాడిలా ఉంది.

"తాళం కూడా లేదు. లిఫ్టు పైకెళ్ళిపోయి, ఇక్కడ తలుపు తెరిచే ఉంది. గుంట కనపడుతోంది. అంటే ఆయన బయటికొచ్చాడే! నేను చెప్పలేదూ? ఇన్నేళ్ళూ అందరూ నన్ను పిచ్చోణ్ణి చేశారు..."

"నాన్నా పైకి రా. ఇప్పుడే. లేదు, వద్దు, పైకి రావద్దు, బయటికెళ్ళిపో!"

"ఒక్కసారి లోపలికి చూసొస్తా."

"దిగకు నాన్నా! నీ మోకాళ్ళు..."

"చూద్దాంలే."

ఫోన్లో టక్ మని వినపడింది. వంగాడు. ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు కూడా వినపడింది, దూరంగా, చప్... చప్... నాన్న "ఎవరూ?" అన్నాడు.

నేను ల్యాపుటాపు మీద పడ్డా. వెనక్కి తిప్పే బటను నొక్కా, నొక్కా, నొక్కా. ఏమీ కాలేదు. 'ట్యాగు మళ్ళీ పెట్టు' అని కొట్టా. తొందరలో అక్షరాలన్నీ తప్పులు. మూడోసారికి అర్థం చేసుకున్నాడు వెధవ.

'ట్యాగు తగిలించాలంటే లోపల మనిషి ఉండాలి. లోపల ఎవరిని ఉంచమంటారు?'

ఇప్పుడు ప్రశ్నలా! సాయంత్రం నుంచీ చెప్పింది వినకుండా చంపుకుతిని, ఇప్పుడు, నాన్న ఫోన్లో ఊపిరి గట్టిగా తీస్తున్నప్పుడు, ఇప్పుడు ప్రశ్నలు అడుగుతున్నాడు! నాకు కళ్ళు కనపడలేదు. భయమో కోపమో తెలీదు. ఎప్పుడూ వాడికి కొట్టినట్టే కొట్టేశా.

'ఎవరో ఒకరు! నీ ఇష్టం! ముందు పెట్టు!!'

'తప్పకుండా!'

ఫోన్లో దడేల్‌మని తలుపు పడింది. గోడ అవతల లిఫ్టు రాయిలా కిందికి జారిపోయింది, టీవీ ఊగిపోయింది. తర్వాత ఆ పాత నిశ్శబ్దం. ఏమీ వినపడని నిశ్శబ్దం.

"నాన్నా?"

కాల్ కట్ అవలేదు.

"నాన్నా, ఉన్నావా?"

చాలాసేపటికి "వస్తున్నా" అంది నాన్న గొంతు.

మెట్లెక్కుతున్న చప్పుడు. త్వరత్వరగా, ఎక్కడా ఆగకుండా. ఐదు అంతస్తులు. బెల్లు మోగింది. అమ్మ పరిగెత్తి తలుపు తీసి, నాన్నని పట్టుకుని ఏడ్చేసింది.

కత్తిరించిన జుట్టు. చేతిలో హ్యాంగరుకి ఇస్త్రీ చొక్కా, ముడత కూడా పడలేదు. ఆయాసం లేదు. కాళ్ళకి చెప్పుల్లేవు.

"అయ్యాయా స్లైడ్లు?" అన్నాడు, నవ్వుతూ.

"అ... అయ్యాయి. రేపు బాగా మాట్లాడతావా నాన్నా?"

"తప్పకుండా" అన్నాడు.

నన్ను దాటుకుని లోపలికెళ్ళాడు. హాలంతా నడిచి వెళ్ళాడు. ఒక్క చప్పుడు లేదు.

మర్నాడు అదరగొట్టాడంట. ఆ పెద్దోళ్ళు చప్పట్లు కొట్టారంట. ట్యాగు స్లైడు దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారంట, గుంటలో ఎలా ఉంటుందో అంత బాగా చెప్పాడంట, అక్కడే పుట్టి పెరిగినట్టు. కుర్చీ వచ్చింది. మీరు పార్టీ అడుగుతోంది దానికే.

మోకాళ్ళు ఎలా తగ్గాయని అడిగా. కొత్త మందు అన్నాడు. అమ్మ అవునవును అంది. కానీ గంట జోకు మళ్ళీ వేయలేదు. నడుం నొప్పని వంక పెట్టి నా గదిలో పడుకుంటోంది, తలుపు గడియ పెట్టి.

మీరు సైకిళ్ళు పెట్టేటప్పుడు చూడండి. తాళం మళ్ళీ ఉంది. ట్యాగు కొత్తది, రక్తంలా ఎర్రగా. దాని కింద గోడ వారగా నాన్న చెప్పులు. నేను దగ్గరికెళ్ళి చూశా. నాన్న అక్షరాలు నాకు తెలీవా? కోడిపిల్లల్లా దూరం దూరంగా, చివరిది పైకెగిరిపోతూ. 'లోపల మనిషి ఉన్నాడు.'

నిన్న భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగా. "నాన్నా, కింద ట్యాగు తీసేయొచ్చుగా?"

ఆయన చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు, "ఎవరు తగిలించారో వాళ్ళే తీయాలి. నేను తగిలించింది కాదుగా."

ఇప్పుడు హాల్లో కూర్చుని టైపు చేస్తున్నా. టీవీ గోడకి చెవి ఆన్చి. మీరు నమ్మకపోతే పోండి. వినపడుతోందిరా. చాలా కింద. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు, ఇరుకు చోట్లో తిరుగుతున్నట్టు.

టక్... టక్...

టక్... టక్...

ల్యాపుటాపు తెరిచి ఆ స్లైడు పెట్టా. ట్యాగు తియ్యి అన్నా. మళ్ళీ అదే అడిగాడు. 'ఈ ట్యాగు తగిలించింది మీరేనా?' ఈసారి అవునంటే అబద్ధం కాదు కదా? పెట్టించింది నేనే కదా? చెప్పండ్రా ఎవడైనా, ఇప్పుడు మాట్లాడొచ్చు. తీస్తే నాన్న బయటికొస్తాడు. మరి ఇంట్లో ఉన్న ఈయన ఊరుకుంటాడా?

'అవును' అని కొట్టి ఉంచా. ఎంటరు నొక్కలేదు.

గోడలో చప్పుడు ఆగింది. వింటున్నట్టు.

అమ్మ బజారుకెళ్ళింది. ఈయన ఇంట్లోనే ఉన్నాడు, ఏ గదిలో ఉన్నాడో తెలీదు. ఇదివరకైతే కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

ఉండండి.

నేను నొక్కలేదు. ఒట్టు, నా రెండు చేతులూ ఫోన్ మీదే ఉన్నాయి, మీకు టైపు చేస్తున్నా. స్క్రీను మీద నా 'అవును' లేదు. దాని చోట 'కాదు. ట్యాగు ఉండనీ' అనుంది.

కింద వచ్చేసింది...

'తప్పకుండా!'